ఇంజనీరింగు విద్యలో గణితము: విశ్వవిద్యాలయములను పోల్చి చూచుట ఎట్లు?

ప్రవేశ పరీక్షల ఫలితములు వెలువడిన తరువాత తెలుగునాట వేలాది ఇళ్ళలో ఒకే చర్చ సాగుతుంది. ఏ కళాశాలలో చేరవలెను? ఏ శాఖ తీసుకొనవలెను? భవనములు ఎట్లా ఉన్నవి, హాస్టలు ఉన్నదా, రుసుము ఎంత, చదువు ముగిసిన తరువాత ఎందరికి ఉద్యోగములు దొరికినవి అని విచారిస్తారు. ఇవన్నీ అడగదగిన ప్రశ్నలే. కాని వీటి నడుమ సాధారణముగా వినబడని ప్రశ్న ఒకటి ఉన్నది. అక్కడ గణితమును ఎట్లా నేర్పుతారు?

ఈ ప్రశ్న అడగకపోవడానికి కారణము లేకపోలేదు. గణితము ఎక్కడైనా ఒకటే గదా అని పలువురి నమ్మకము. రెండును రెండును కలిపితే ఢిల్లీలోనూ నాలుగే, విశాఖపట్టణములోనూ నాలుగే. పాఠ్యప్రణాళికలు చూచినా ఈ నమ్మకమే బలపడుతుంది. కలన గణితము, మాత్రికలు, అవకల సమీకరణములు, సంభావ్యత అనే శీర్షికలు అన్ని చోట్లా ఇంచుమించు ఒకే తీరుగా కనిపిస్తాయి. కాని ఒకే శీర్షిక క్రింద ఒకచోట నేర్పేది వేరు, మరొకచోట నేర్పేది వేరు. ఆ తేడా తెలియక చేరిన విద్యార్థి, ఇంటర్మీడియట్‌లో గణితములో ముందున్నవాడే, మొదటి సంవత్సరములోనే తడబడడము కద్దు. అతని తెలివి తగ్గలేదు. అతనిని అడిగే ప్రశ్న మారినది.

ఆ మార్పు ఎటువంటిదో ఒక చిన్న ఉదాహరణతో చూడవచ్చును.

తొట్టిలో ఉప్పునీరు

ఒక తొట్టిలో 1000 లీటర్ల నీరు ఉన్నది. అందులో 20 కిలోల ఉప్పు కరిగి ఉన్నది. ఒక గొట్టము నుండి నిమిషమునకు 10 లీటర్ల మంచినీరు తొట్టిలోకి వస్తున్నది. మరొక గొట్టము నుండి నిమిషమునకు 10 లీటర్ల ఉప్పునీరు బయటికి పోతున్నది. తొట్టిలోని నీటిని ఎడతెగక కలియబెడుతున్నారు. ఉప్పు సగమయ్యేది ఎప్పుడు?

నిమిషమునకు పోయే నీరు తొట్టిలోని నీటిలో నూరవ వంతు. కనుక ఏ క్షణమున చూచినా, ఉప్పు తగ్గే వేగము అప్పటికి మిగిలిన ఉప్పులో నూరవ వంతుగా ఉంటుంది. ఇది ఒక అవకల సమీకరణము. చక్రవడ్డీ తెలిసిన పదవ తరగతి విద్యార్థికి దీని స్వభావము కొత్తది కాదు. అక్కడ సొమ్ము పెరుగుతుంది, ఇక్కడ ఉప్పు తరుగుతుంది. వడ్డీ ఏటేటా కట్టినట్లు గాక, ఇక్కడి తరుగుదల క్షణక్షణమూ జరుగుతుంది.

ఈ ఒక్క విషయము మీద నాలుగు రకముల ప్రశ్నలు అడగవచ్చును.

మొదటి రకము: సమీకరణమును వ్రాసి ఇచ్చి, దానిని సాధించుమని అడుగుట. విద్యార్థి తెలిసిన సూత్రము వాడుతాడు. 2 యొక్క సహజ సంవర్గమానము 0.693. దానిని 100 చేత గుణించగా 69.3 నిమిషములు వస్తుంది. రెండు నిమిషములలో లెక్క ముగుస్తుంది.

రెండవ రకము: ఆ సమాధానము తప్ప మరొకటి ఉండదని నిరూపించుమని అడుగుట. ఇక్కడ సూత్రము చాలదు. తరిగే ఉప్పును, అదే రేటున పెరిగే మరొక రాశితో గుణించి, ఆ లబ్ధమును అవకలనము చేయవలెను. ఫలితము సున్న అవుతుంది. అనగా ఆ లబ్ధము కాలముతో మారదు. మొదట ఎంత ఉన్నదో ఎల్లప్పుడూ అంతే. కనుక సమాధానము ఒక్కటే. ఈ నిరూపణ నాలుగు పంక్తులకు మించదు. కాని ఎందుకు అనే ప్రశ్న అలవాటు లేనివానికి ఆ నాలుగు పంక్తులు తోచవు.

మూడవ రకము: సమీకరణము ఇవ్వకుండా, తొట్టి కథ మాత్రమే చెప్పి, సమీకరణమును విద్యార్థినే వ్రాయుమని అడుగుట. ఇంకొక అడుగు ముందుకు వేసి, నీటిని కలియబెట్టకపోతే ఏమవుతుందని కూడా అడగవచ్చును. ఉప్పునీరు మంచినీటికంటె బరువు. అది అడుగున నిలుస్తుంది. బయటికి పోయే గొట్టము అడుగున ఉన్నదా, పైన ఉన్నదా అన్న దానిని బట్టి ఫలితము మారుతుంది. సమీకరణము తప్పు కాదు. అది ఆధారపడిన ఊహ తప్పినది. ఇంజనీరు రోజూ ఎదుర్కొనేది ఇటువంటి ప్రశ్ననే.

నాలుగవ రకము: సూత్రము వాడకుండా, అంచెలంచెలుగా అంకెలతో లెక్కించుమని అడుగుట. నేడు కంప్యూటరు చేసే పని ఇదే. ఒక్కొక్క అంచె మొదట ఉప్పు ఏ వేగముతో తగ్గుతున్నదో, ఆ అంచె ముగిసేవరకు అదే వేగముతో తగ్గుతుందని అనుకొని లెక్క కడతారు. అంచె ఒక నిమిషము అయితే, 100 నిమిషముల తరువాత 7.32 కిలోలు మిగులుతుంది. అసలు సమాధానము 7.36. తేడా స్వల్పము. అంచె 10 నిమిషములైతే 6.97 వస్తుంది. అంచె 50 నిమిషములైతే 5 కిలోలే. అంచె 100 నిమిషములైతే తొట్టిలో ఉప్పే లేదని లెక్క చెబుతుంది. అంచెను 200 నిమిషములు చేస్తే, తొట్టిలో ఋణ 20 కిలోల ఉప్పు ఉన్నట్లు తేలుతుంది!

ఉప్పు ఋణసంఖ్య కాజాలదని ఎవరైనా చెప్పగలరు. కాని వంతెన మీది ఒత్తిడిని, విద్యుత్ వలయములోని ప్రవాహమును ఇట్లే లెక్కించినప్పుడు, తప్పు అంత స్పష్టముగా కనబడదు. యంత్రము ఇచ్చిన అంకెను నమ్మవచ్చునా అని తేల్చుకొనడానికి మొదటి మూడు రకముల తెలివీ కావలెను. కంప్యూటరు వచ్చినది గనుక ఇంజనీరుకు గణితము అవసరము తగ్గినదనే మాట ఈ కారణము చేతనే నిలువదు.

అవకల సమీకరణములు అనే శీర్షిక అన్ని పాఠ్యప్రణాళికలలోనూ ఉంటుంది. ఒక విశ్వవిద్యాలయము మొదటి రకము ప్రశ్నతో సరిపెట్టుకొంటుంది. మరొకటి రెండవదాని మీద బలము పెడుతుంది. వేరొకటి మూడు, నాలుగు రకములను ప్రయోగశాలలో చేయిస్తుంది. పోల్చవలసినది శీర్షికలను కాదు, ఈ ప్రశ్నలను.

రెండు వందల ఏండ్ల వాదము

ఇంజనీరుకు ఏ గణితము, ఎంత, ఎట్లా నేర్పవలెననే వాదము కొత్తది కాదు. ఆధునిక ఇంజనీరింగు విద్య పుట్టినప్పుడే అదికూడా పుట్టినది.

ఫ్రెంచి విప్లవ కాలమున, 1794లో, పారిస్ నగరమున ఏకోల్ పాలిటెక్నిక్ అనే విద్యాలయము స్థాపించబడినది. అక్కడ గాస్పార్ మోంజ్ వర్ణనాత్మక రేఖాగణితమును బోధించాడు. ఘన వస్తువులను కాగితము మీద ఖచ్చితముగా గీచే ఈ విద్యే నేటి ఇంజనీరింగు డ్రాయింగునకు మూలము. లగ్రాంజ్ కలన గణితమును బోధించాడు. గణితమే ఇంజనీరుకు పునాది అనే భావము ఆ విద్యాలయము నుండే ఇతర దేశములకు వ్యాపించినది.

కొంత కాలమునకు ఆగస్టిన్ కోషీ అక్కడ ఆచార్యుడైనాడు. అవధి, అవిచ్ఛిన్నత, శ్రేణుల అభిసరణము అనే భావములను ఆయన కొత్త పునాదులమీద నిలబెట్టాడు. 1821లో వెలువడిన ఆయన పాఠ్యగ్రంథము గణిత చరిత్రలో ఒక మైలురాయి. కాని ఇంజనీర్లు కావలసిన విద్యార్థులకు ఆ బోధన మితిమీరిన సూక్ష్మముగా తోచినది. అన్వయములకు చాలినంత సమయము మిగలడము లేదని విద్యాలయమువారు ఆయనకు అభ్యంతరము తెలిపారు. 1830లో రాజకీయ కారణములచే కోషీ ఫ్రాన్సు విడిచి వెళ్ళాడు. మరుసటి సంవత్సరము ఆ స్థానములోకి వచ్చిన నవియే వంతెనల ఇంజనీరు. ద్రవముల చలనమును తెలిపే సమీకరణములకు నేటికీ ఆయన పేరు ఉన్నది. ఒకే విద్యాలయము, ఒకే పాఠ్యాంశము. ఆచార్యుడు మారగా బోధన దృష్టియే మారినది.

పందొమ్మిదవ శతాబ్దము చివర ఈ వాదము జర్మనీకి చేరినది. బెర్లిన్ సాంకేతిక విద్యాలయములో యంత్రశాస్త్ర ఆచార్యుడైన అలోయిస్ రీడ్లర్ 1893లో అమెరికా వెళ్ళి, చికాగోలోని ప్రపంచ ప్రదర్శనమును, అక్కడి కళాశాలల ప్రయోగశాలలను చూచి వచ్చాడు. జర్మను విద్యార్థులకు గణిత సిద్ధాంతము ఎక్కువ, యంత్రములతో పరిచయము తక్కువ అని ఆయన వాదించాడు. అనేకులు ఆయనను సమర్థించారు. గణిత బోధనను తగ్గించవలెనని ఉద్యమమే సాగినది. దానిని వ్యతిరేకించినవారిలో కూడా ఇంజనీర్లు ఉన్నారు. ఆవిరి టర్బైనులమీద ప్రామాణిక గ్రంథము వ్రాసిన జ్యూరిక్ ఆచార్యుడు ఆరెల్ స్టొడోలా, లోతైన గణితము లేనిదే యంత్రశాస్త్రము ముందుకు పోదని చెప్పాడు.

గెట్టింగెన్‌లోని గణితవేత్త ఫెలిక్స్ క్లైన్ ఈ వాదమునుండి మంచి పాఠమే నేర్చుకొన్నాడు. గణితమును తగ్గించుట కాదు, దానిని అన్వయములకు దగ్గర చేయుట మార్గమని ఆయన నిశ్చయించాడు. ఆయన కృషివల్ల 1904లో కార్ల్ రూంగె అక్కడ అనువర్తిత గణితమునకు ఆచార్యుడుగా వచ్చాడు. అంతకుముందు రూంగె హానోవర్ సాంకేతిక విద్యాలయములో పనిచేశాడు. ఆ కాలముననే, 1895లో, అవకల సమీకరణములను అంకెలతో సాధించే మెరుగైన పద్ధతి నొకదానిని ప్రకటించాడు. 1901లో విల్‌హెల్మ్ కుట్టా దానిని పెంపొందించాడు. పైన చూచిన తొట్టి లెక్కలో, అంచెకు ఒకేఒక్క వేగమును గాక, అంచె నడుమ కూడా వేగమును గణించి సరిదిద్దుకొంటే తప్పు ఎంతో తగ్గుతుంది. రూంగె-కుట్టా పద్ధతి సారము అదే. నేటి ఇంజనీరు కంప్యూటరులో వాడే పద్ధతులలో ఇది ముఖ్యమైనది.

అదే కాలమున ఇంగ్లండులో జాన్ పెర్రీ మరొక వైపునుండి పోరాడాడు. ఆయన ఇంజనీరు. టోక్యోలో కొంతకాలము, ఆ తరువాత లండనులోని ఫిన్స్‌బరీ సాంకేతిక కళాశాలలో బోధించాడు. 1901లో గ్లాస్గోలో జరిగిన బ్రిటిష్ అసోసియేషన్ సమావేశములో గణిత బోధనను గూర్చి ఆయన లేవదీసిన చర్చ ప్రసిద్ధమైనది. యూక్లిడ్ సిద్ధాంతములను ఏండ్ల తరబడి వల్లెవేయించే బదులు, గళ్ళ కాగితము మీద గ్రాఫులు గీయించవలెననీ, సంవర్గమానములనూ కలన గణితమునూ త్వరగా చేతికి అందించవలెననీ ఆయన కోరాడు. నేటి ఉన్నత పాఠశాలలో గ్రాఫు కాగితము సామాన్య వస్తువైనదంటే అందులో పెర్రీ వంటివారి పట్టుదల ఉన్నది.

ఇరువదవ శతాబ్దము నడుమ తరాజు మళ్ళీ రెండవ వైపు మొగ్గినది. 1955లో అమెరికను ఇంజనీరింగు విద్యా సంఘమునకు గ్రింటర్ అధ్యక్షతన ఏర్పడిన సంఘము తన నివేదికను సమర్పించినది. భౌతికశాస్త్రమునకు, గణితమునకు పెద్దపీట వేయవలెననీ, అవకల సమీకరణముల వరకు ప్రతి ఇంజనీరింగు విద్యార్థి నేర్వవలెననీ అది సూచించినది. రెండేండ్లకు, 1957లో, రష్యా స్పుత్నిక్‌ను ఎగురవేయగానే ఈ అభిప్రాయమునకు మరింత బలము చేకూరినది.

ఈ చరిత్ర వలన తెలిసేది ఒక్కటి. సిద్ధాంతము ఎక్కువైనచోట విద్యార్థి అన్వయమునకు మొగము వాచినాడు. అన్వయము ఒక్కటే మిగిలినచోట కొత్త సమస్య ఎదురైనప్పుడు నిలువలేకపోయినాడు. రెంటినీ కలిపినచోటనే విద్య ఫలించినది.

నేడు కనిపించే పద్ధతులు

నేటికీ ప్రఖ్యాత విద్యాలయములన్నీ ఒకే మార్గమున నడవడము లేదు. మూడింటిని పోల్చి చూస్తే తేడా తెలుస్తుంది.

అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో, ఏ శాఖలో చేరినవాడైనా రెండు అర్ధ సంవత్సరముల కలన గణితమును పూర్తి చేయవలెను. మొదటిది ఒక చరరాశికి, రెండవది పెక్కు చరరాశులకు సంబంధించినది. బోధించేది గణితశాఖ. పెద్ద హాలులో ఉపన్యాసములు జరుగుతాయి. వాటికి తోడు చిన్న చిన్న జట్లుగా విద్యార్థులు కలిసి సందేహములు తీర్చుకొనే తరగతులు ఉంటాయి. క్రమము తప్పక ఇచ్చే లెక్కల కట్ట అన్నిటికంటె ముఖ్యము. అందులోని లెక్క ఒక్కొక్కటి గంటల తరబడి ఆలోచింపజేస్తుంది.

ఇంగ్లండులోని కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయములో ఇంజనీర్ల గణితమును ఇంజనీరింగు శాఖవారే బోధిస్తారు. అందువలన గణితములో నేర్చిన విషయము అదే సంవత్సరము యంత్రశాస్త్రములో, విద్యుత్తులో కనిపిస్తుంది. ఇచ్చిన లెక్కలను చేసుకొని విద్యార్థులు ఇద్దరు ముగ్గురు కలిసి ఒక గురువు ముందు కూర్చుంటారు. ఆయన వారి వ్రాతను చూచి, ఎక్కడ పొరబడినారో చెబుతాడు.

ఫ్రాన్సులో ప్రసిద్ధ ఇంజనీరింగు విద్యాలయములలో చేరదలచినవారిలో పెక్కుమంది, ముందుగా రెండేండ్లు సన్నాహక తరగతులలో చదువుతారు. అక్కడ గణితము నిరూపణలతో సహా చాలా లోతుగా సాగుతుంది. విద్యార్థులు ముగ్గురేసి చొప్పున నల్లబల్ల ముందు నిలబడి, పరీక్షకుని ఎదుట గంటసేపు లెక్కలు చేసి, నోటితో వివరించే ఆచారము ఒకటి ఉన్నది. వ్రాతలో దాగిపోయే అస్పష్టత నోటితో చెప్పేటప్పుడు బయటపడుతుంది.

పై మూడు పద్ధతులలో బోధించేవారు వేరు, క్రమము వేరు, నిరూపణకు ఇచ్చే పాలు వేరు. కాని ఒక లక్షణము మూడింటిలోనూ సమానము. విద్యార్థి తానుగా చేసిన లెక్కను తెలిసినవారు ఒకరు చూచి దిద్దుతారు. ఉపన్యాసము విన్నంత మాత్రమున గణితము రాదు. ఈత నేర్చినట్లే, నీటిలో దిగవలెను. గట్టు మీద చూచేవారు ఒకరు ఉండవలెను.

ఈ విషయము నేడు మరింత స్పష్టమైనది. మసాచుసెట్స్ సంస్థ తన పాఠములను ఇంటర్నెట్‌లో అందరికీ ఉచితముగా ఇస్తానని 2001లో ప్రకటించినది. మన దేశమున ఐ.ఐ.టి.లూ బెంగుళూరులోని భారత విజ్ఞాన సంస్థయూ కలిసి 2003లో ఎన్.పి.టి.ఇ.ఎల్. అనే పథకమును ఆరంభించినవి. మంచి ఉపన్యాసము ఈనాడు పల్లెలోని విద్యార్థికి సైతము అందుతున్నది. కనుక కళాశాలలో చేరి పొందవలసిన లాభము ఉపన్యాసము ఒక్కటే కాదు. లెక్క తప్పినప్పుడు ఎందుకు తప్పినదో చెప్పే మనిషి.

తెలుగు రాష్ట్రములలోని స్థితి

తెలుగువారికి ఇంజనీరింగు విద్య చిరకాలముగా పరిచితమే. ఉస్మానియా ఇంజనీరింగు కళాశాల 1929లో, వరంగల్లులోని ప్రాంతీయ ఇంజనీరింగు కళాశాల 1959లో ఆరంభమయినవి. 1972లో జవహర్‌లాల్ నెహ్రూ సాంకేతిక విశ్వవిద్యాలయము ఏర్పడినది. 2008లో అది హైదరాబాదు, కాకినాడ, అనంతపురములలో వేర్వేరు విశ్వవిద్యాలయములుగా విడివడినది. ఇటువంటి విశ్వవిద్యాలయములకు అనుబంధముగా అనేక కళాశాలలు ఉన్నవి.

అనుబంధ కళాశాలలో పాఠ్యప్రణాళికనూ ప్రశ్నపత్రమునూ నిర్ణయించేది విశ్వవిద్యాలయము. కనుక ఒకే విశ్వవిద్యాలయము క్రింది రెండు అనుబంధ కళాశాలలను పాఠ్యప్రణాళికను బట్టి పోల్చుట వ్యర్థము. తేడా ఉండేది తరగతి గదిలో. స్వయంప్రతిపత్తి పొందిన కళాశాలలు తమ ప్రణాళికనూ ప్రశ్నపత్రములనూ తామే తయారుచేసుకొంటాయి. అక్కడ వాటిని కూడా పోల్చి చూడవలెను.

అఖిల భారత సాంకేతిక విద్యామండలి 2018లో ప్రకటించిన నమూనా ప్రణాళికలో, మొదటి సంవత్సరపు గణితము ఎదుట 3-1-0 అనే అంకెలు ఉన్నవి. వారమునకు 3 గంటల ఉపన్యాసము, 1 గంట ట్యుటోరియలు, ప్రయోగశాల లేదు అని దాని అర్థము. ఆ నడుమ ఉన్న 1 అనే అంకె చిన్నదిగా కనబడుతుంది గాని, పైన చెప్పిన దిద్దుబాటుకు చోటు అక్కడే. పాఠము పూర్తికాలేదని ఆ గంటను కూడా ఉపన్యాసమునకే వాడుకొంటే, కాగితము మీద ట్యుటోరియలు ఉంటుంది, విద్యార్థికి మాత్రము ఉండదు.

ఇక ప్రవేశ పరీక్ష సంగతి. 2024లో జరిగిన ఇంజనీరింగు ఈఏపీసెట్‌లో 3 గంటలకు 160 ప్రశ్నలు. వాటిలో 80 గణితమునకు చెందినవి. ఒక్కొక్క ప్రశ్నకు సగటున ఒక నిమిషము పైచిలుకు మాత్రమే. ఈ పరీక్షకు తయారయ్యే విద్యార్థి, ప్రశ్నను చూడగానే దాని జాతిని గుర్తించి, తగిన సూత్రమును ప్రయోగించే వేగమును సంపాదిస్తాడు. అది తక్కువ సామర్థ్యము కాదు. కాని అది తొట్టి లెక్కలోని మొదటి రకము ప్రశ్నకు మాత్రమే సరిపోతుంది. ఒక లెక్కతో ఒక పూట గడపడము అతనికి అలవాటు లేదు. అరగంటలో తేలని లెక్కను చూచి తనకు గణితము రాదని బెంగపడే విద్యార్థికి, ఇక్కడ ఆలస్యము సహజమేనని ఎవరైనా చెప్పవలసి ఉన్నది. అట్లా చెప్పేవారు ఉన్న కళాశాల మంచి కళాశాల.

పోల్చవలసిన అంశములు

కళాశాలను ఎన్నుకొనే విద్యార్థి, అతని తల్లిదండ్రులు ఈ క్రింది విషయములను విచారించుట మేలు. వీటికి ధనము ఖర్చు కాదు; కొంత ఓపిక చాలును.

మొదటిది, పాత ప్రశ్నపత్రములు. అయిదు సంవత్సరముల గణిత ప్రశ్నపత్రములను ఒకచోట పెట్టుకొని, ఒక్కొక్క ప్రశ్న తొట్టి లెక్కలోని నాలుగు రకములలో దేనికి చెందుతుందో గుర్తు పెట్టవలెను. అన్నీ మొదటి రకమువే అయి, అంకెలు మాత్రము మారుతూ ఏటేటా అవే ప్రశ్నలు వస్తుంటే, అక్కడ విద్యార్థులు చదివేది కూడా అంతవరకే అని ఊహించవచ్చును.

రెండవది, ట్యుటోరియలు. అది నిజముగా జరుగుతున్నదా? ఒక జట్టులో ఎందరు ఉంటారు? ఈ ప్రశ్నను అధికారులకంటె రెండవ సంవత్సరపు విద్యార్థిని అడుగుట మంచిది. అతని లెక్కల పుస్తకము చూస్తే సగము సమాధానము దొరుకుతుంది. ఎర్ర సిరాతో తప్పులను దిద్ది, కారణము వ్రాసిన పుట ఒక్కటైనా ఉన్నదా, లేక వరుసగా సంతకములు మాత్రమే ఉన్నవా?

మూడవది, బోధించేవారు. గణితశాఖలో స్థిరముగా పనిచేసే అధ్యాపకులు ఎందరు? సంవత్సరము నడుమ మారిపోతున్నారా? గణితశాఖవారు బోధించినా, ఇంజనీరింగు శాఖవారు బోధించినా దోషము లేదు. ఆ రెండు శాఖలవారు ఒకరితో ఒకరు సంప్రదించుకొంటున్నారా అన్నది ముఖ్యము.

నాలుగవది, శాఖకు తగిన గణితము. ఎలక్ట్రానిక్సు చదివేవానికి సంకీర్ణ సంఖ్యలు, ఫూరియర్ శ్రేణులు, లాప్లాస్ పరివర్తనము కావలెను. సివిల్ ఇంజనీరుకు మాత్రికలు, అవకల సమీకరణములు, సాంఖ్యకశాస్త్రము కావలెను. యాంత్రిక శాఖవానికి సదిశ కలనము, పాక్షిక అవకల సమీకరణములు అవసరము. కంప్యూటరు శాఖవానికి వివిక్త గణితము, సరళ బీజగణితము, సంభావ్యత ప్రాణాధారములు. ఇవి ఉన్నవా అని మాత్రమే కాదు, అవసరమైన సమయమునకు ముందే ఉన్నవా అని చూడవలెను. రెండవ సంవత్సరమున సంకేతముల పాఠములో ఫూరియర్ శ్రేణి వాడవలసి వచ్చి, దానిని గణితములో ఆ తరువాత చెబితే, విద్యార్థి రెండింటినీ బట్టీ పడతాడు.

అయిదవది, వెనుకబడినవారికి సహాయము. మొదటి పరీక్షలో తప్పినవానికి అదనపు తరగతులు ఉన్నవా? అధ్యాపకుని తరగతి వెలుపల కలుసుకొనే వేళలు ఉన్నవా? పల్లెనుండి వచ్చి, తెలుగు మాధ్యమమున చదివిన విద్యార్థికి ఈ ప్రశ్న చాలా ముఖ్యమైనది. అతనిని ఆపేది చాలసార్లు గణితము కాదు, దానిని చెప్పే ఆంగ్ల వాక్యము.

ఆరవది, గణనము. అంకెల పద్ధతులను కంప్యూటరు మీద చేయిస్తారా? చేయించినప్పుడు వచ్చిన అంకె సరియైనదో కాదో తేల్చుమని అడుగుతారా? ఋణ 20 కిలోల ఉప్పును చూచి నవ్వగల విద్యార్థిని తయారుచేసే ప్రయోగశాలయే ప్రయోగశాల.

ఈ పోలికలో ఒక జాగ్రత్త అవసరము. నిరూపణలు ఎక్కువగా ఉన్నచోట చదివితేనే గొప్ప అని అనుకొనరాదు. కోషీ ఉపన్యాసములు గొప్పవే. అయినా అందరికీ పథ్యము కాలేదు. ఎందుకు అనే ప్రశ్న మీద మక్కువగల విద్యార్థికి అటువంటి చోటు తగును. వస్తువును చేతితో తాకి నేర్చుకొనేవానికి, అన్వయమునుండి మొదలై సిద్ధాంతమునకు పోయే చోటు తగును. రెండవవాడు కూడా సిద్ధాంతమునకు చేరవలెను. దారి మాత్రము వేరు.

ఉన్నత పాఠశాలలోనే ఆరంభము

ఈ ఎన్నికకు విద్యార్థిని సిద్ధము చేయుట ఉన్నత పాఠశాల ఉపాధ్యాయుని చేతిలో కొంత ఉన్నది. తొట్టి లెక్కను పదవ తరగతిలో అంచెలతో చేయించవచ్చును. పది నిమిషములకు పదవ వంతు చొప్పున తగ్గిస్తూ పోతే 20, 18, 16.2, 14.58 అని వస్తుంది. అరువది నిమిషములకు 10.63, డెబ్బది నిమిషములకు 9.57. ఉప్పు ఆ నడుమ ఎక్కడో సగమయినది. ఆ బిందువులను గ్రాఫు కాగితము మీద గుర్తించి, వక్రమును గీయించి, అంచెను చిన్నది చేస్తే వక్రము ఎట్లా కదులుతుందో చూపవచ్చును. నీటిని కలియబెట్టకపోతే ఏమవుతుందని చివర అడగవచ్చును.

ఆ గంటలో ఉపాధ్యాయునికి ఒక సంగతి తెలిసివస్తుంది. ఒక విద్యార్థి లెక్క త్వరగా ముగించి ఊరుకొంటాడు. మరొకడు ఇది ఎల్లప్పుడూ నిజమేనా అంటాడు. ఇంకొకతె గొట్టము అడుగున ఉన్నదా అని అడుగుతుంది. వేరొకరు అంచెను ఇంకా తగ్గించి చూస్తారు. వీరికి రేపు దొరకవలసిన గురువులు ఒకే విధమైనవారు కారు. ఎవరు ఏ ప్రశ్న అడిగినారో గుర్తుంచుకొన్న ఉపాధ్యాయుడు, రెండు మూడేండ్ల తరువాత సలహాకు వచ్చిన విద్యార్థికి ర్యాంకుల పట్టిక చెప్పలేని మాట ఒకటి చెప్పగలుగుతాడు.